ఏడో తరగతి దశాంశాల చీటీలు: ఒక కోచింగ్ కేసు

ఈ కేసులోని టీచరు అనుమతితోనే ఇది రాస్తున్నాను. ముందు ఆవిడకే చదివి వినిపించాను. ఒకటి రెండు చోట్ల "ఇది తీసేయండి మేడం, ఎవరో ఇట్టే తెలిసిపోతుంది" అన్నారు, తీసేశాను. స్కూలు పేరు, సెక్షన్, సంవత్సరం చెప్పడం లేదు. మామూలుగా కోచింగ్ కేసులు టీచరు ఎంత మారారో చూపించడానికి రాస్తారు. ఇక్కడ నన్ను ఆలోచింపజేసింది వేరే సంగతి. ఈవిడకు ఆలోచన కొదవ లేదు. ఆ ఆలోచనను బయటికి రప్పించాలని స్కూలు పెట్టిన పద్ధతే దానికి అడ్డు పడింది.

నేపథ్యం

బెంగళూరు తూర్పు వైపు, ఐటీ కంపెనీల చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న ఒక సీబీఎస్‌ఈ స్కూలు. ఫీజు మరీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. సెక్షన్‌కు నలభై మంది దాకా పిల్లలు. ఇళ్లలో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ, క్లాసులో ఇంగ్లిష్. వారంలో రెండు రోజులు అక్కడ ఇన్‌స్ట్రక్షనల్ కోచ్‌గా, అంటే పాఠం చెప్పే తీరు మీద టీచర్లతో కలిసి కూర్చునే మనిషిగా, పనిచేసేదాన్ని. అంతకు ముందు నేనూ లెక్కల టీచర్నే.

ఈ టీచరుది చిత్తూరు వైపు. బీఎస్సీ, బీఎడ్ చేసి, పెళ్లయ్యాక బెంగళూరు వచ్చారు. పదేళ్లు దాటిన అనుభవం, అందులో కొంతకాలం ఆంధ్రాలో ఒక కార్పొరేట్ స్కూల్లో. ఆ అలవాటు బోర్డు మీద ఇప్పటికీ కనిపిస్తుంది: ఎడమ పక్కన తేదీ, పాఠం పేరు, మధ్యలో నిలువు గీత, ఒక్క మెట్టు కూడా వదలకుండా చేసిన లెక్క. సిలబస్ ఎప్పుడూ టైముకే అయిపోతుంది. పేరెంట్స్‌కి ఆవిడంటే నమ్మకం. పిల్లలకి కాస్త భయం, అంతకన్నా ఎక్కువ ఇష్టం.

నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదు

కోఆర్డినేటర్ నాతో అన్న మాటలు దాదాపు ఇవే: "మామూలు టెస్టులో ఆవిడ పిల్లలు బాగా రాస్తారు. కాంపిటెన్సీ ప్రశ్నలిస్తే పడిపోతారు. పైగా ఆవిడకి రిఫ్లెక్షన్ లేదు."

మొదటి మాటకు నేపథ్యం ఉంది. సీబీఎస్‌ఈ 9, 10 తరగతుల పేపర్లలో సగం దాకా ప్రశ్నలు కాంపిటెన్సీ తరహాకు మారాయి. ఒక సూత్రాన్ని గుర్తుపెట్టుకుని వాడేస్తే సరిపోని ప్రశ్నలివి, కొత్త సందర్భంలో ఆలోచించాల్సి వస్తుంది. తొమ్మిదిలో ఒక్కసారిగా కంగారు పడటం ఎందుకని ఈ స్కూలు ఆరో తరగతి నుంచే అలాంటివి ఇవ్వడం మొదలుపెట్టింది.

రెండో మాట గురించి కాస్త వివరంగా చెప్పాలి. రిఫ్లెక్షన్ అంటే టీచరు తన పాఠాన్ని తనే వెనక్కి తిరిగి చూసుకుని ఆలోచించడం. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటల వృత్తిపరమైన శిక్షణ పొందాలంది. సీబీఎస్‌ఈ అందులో సగం స్కూల్లోనే జరుపుకోనిస్తుంది. ఆ గంటల లెక్కకు పనికొస్తుందని ఈ స్కూలు రిఫ్లెక్షన్ డైరీ పెట్టింది. 1988లో గ్రాహం గిబ్స్ అనే విద్యా పరిశోధకుడు చెప్పిన ఆరు మెట్ల చక్రాన్ని ఫారంగా అచ్చు వేయించారు: ఏం జరిగింది, మీకేమనిపించింది, ఏది బాగుంది ఏది బాలేదు, ఎందుకు, ఇంకేం చేసి ఉండొచ్చు, మళ్లీ అయితే ఏం చేస్తారు. ప్రతి శనివారం నింపి ఇవ్వాలి. కోఆర్డినేటర్ సంతకం పెడతారు. ఏడాది చివర అది టీచరు పనితీరును అంచనా వేసే అప్రైజల్ ఫైల్లోకి వెళుతుంది.

ఆవిడ డైరీ తిరగేశాను. ఏ వారం చూసినా "స్టూడెంట్స్ పార్టిసిపేటెడ్ యాక్టివ్‌లీ. ఆబ్జెక్టివ్ అచీవ్డ్. స్లో లెర్నర్స్ నీడ్ మోర్ ప్రాక్టీస్." పాఠం పేరొక్కటే మారుతోంది. కోఆర్డినేటర్ కోపం నాకర్థమైంది. కానీ మిగతా టీచర్ల డైరీలూ చూడందే ఈవిడ మీద ఒక అభిప్రాయానికి రావడం సరికాదనిపించి, ఇంకో నాలుగు తెప్పించాను. అన్నీ అంతే. ఒక సైన్స్ టీచరు డైరీలో పాఠం పేరు కూడా మారలేదు. ఇంతమందికీ ఒకేసారి ఆలోచించే గుణం లేకపోవడం జరిగే పని కాదు. లోపం ఉంటే ఫారంలోనో, అది చేరే చోటులోనో ఉండాలి.

ఈ సంగతి ఎత్తితే ఆవిడ మొహమాటం లేకుండా చెప్పారు: "అందులో పిల్లోళ్లకి రాలేదని రాస్తే, నాకు రాలేదని చదువుతారు మేడం."

గిబ్స్ మెట్లలో తప్పేం లేదు. నిజం రాస్తే నష్టం జరిగే చోట ఏ ఫారం పెట్టినా ఇదే పద్యం వస్తుంది. దానికి తోడు శనివారం. డొనాల్డ్ షోన్ అనే అమెరికన్ ఆలోచనాపరుడు 1983లో వృత్తి నిపుణుల ఆలోచనను రెండుగా విడదీశాడు, పని చేస్తుండగానే ఆలోచించడం, పని అయ్యాక వెనక్కి తిరిగి ఆలోచించడం అని. సోమవారం క్లాసు గురించి శనివారం మధ్యాహ్నం బస్ డ్యూటీకి ముందు రాసేది ఈ రెంటిలో దేని కిందికీ రాదు.

ముందు చేసినవి, అవి ఎక్కడ ఆగాయో

డైరీని వెంటనే తీయించే అధికారం నాకు లేదు. కాబట్టి దాన్ని పక్కన పెట్టి క్లాసులో కూర్చోవడంతో మొదలుపెట్టాం. నేను చూడటం, తర్వాత మాట్లాడుకోవడం. రెండు మంచి మాటలు, ఒక సూచన: "ఎందుకు అని అడగండి, జవాబు వచ్చే దాకా ఆగండి." ఆవిడ శ్రద్ధగా రాసుకున్నారు. తర్వాత నేను క్లాసులో అడుగుపెట్టగానే "వై?" అన్న ప్రశ్నలు వరసగా వచ్చేవి. మొదటి బెంచీ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, మ్యామ్‌కి ఇవాళ ఏమైందన్నట్టు. నేను లేని రోజుల్లో క్లాసు మామూలే. నా సూచన ఆవిడ ప్రశ్నకు జవాబు కాదు, నా ప్రశ్నకు జవాబు. అందుకే నా ముందే అమలయింది.

మోడల్ లెసన్ చేసి చూపించమని మేనేజ్‌మెంట్ పట్టుబట్టింది. చేశాను. పిల్లలు హుషారుగా చేశారు. చివర్లో ఆవిడ నవ్వుతూ, "మీరు ఒక్కరోజు వస్తారు మేడం. నాకు ఇంకా పదకొండు పాఠాలున్నాయి" అన్నారు. అందులో వాదించడానికేం లేదు. మోడల్ లెసన్‌లో కోచ్ ఏం చేసిందో కనిపిస్తుంది. చేయగలిగిన పది పనుల్లోంచి అదొక్కటే ఎందుకు ఎంచుకుందో కనిపించదు. టీచరుకు కావాల్సింది ఆ రెండోది.

తర్వాత వీడియో మాట వచ్చింది. క్లాసుల్లో సీసీటీవీ ఉంది కదా, ఫుటేజ్ ఇస్తామన్నారు. నేను వద్దన్నాను. ఆ కెమెరా పెట్టింది కాపలాకి. దాంట్లోంచి తీసిన ముక్కను చదువు కోసం చూద్దామంటే ఎవరూ నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా. బదులుగా ఆవిడ ఫోన్లోనే వాయిస్ రికార్డర్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టుకోమన్నాను. వినేది ఆవిడే, నాకు పంపక్కర్లేదు, విన్నాక డిలీట్ చేసేయొచ్చు. ఒక్కటే గమనించమన్నాను: మీ ప్రశ్న అయ్యాక మళ్లీ ఎవరిదైనా గొంతు వినిపించడానికి ఎంతసేపు పట్టింది, ఆ గొంతు ఎవరిది.

ఈ కొలత నాది కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతుల టేపులు విని చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గారు, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలూ మాట్లాడారు.

మర్నాడు స్టాఫ్‌రూంలో ఆవిడే ఎత్తుకున్నారు. "ప్రశ్న నేనే, జవాబూ నేనే మేడం. నిన్నంతా నాతో నేనే మాట్లాడుకున్నా." ఇది ఎవరూ చెప్పకుండా ఆవిడకే తెలిసింది, అందుకే నిలిచింది. ఆగడం అలవాటైంది కూడా. అయినా దీనితో పని అయిపోలేదు. ఆగినా చేతులెత్తేది ఆ నలుగురే. "ఏడు పదో వంతులను దశాంశంగా ఎలా రాస్తాం?" అన్న ప్రశ్న తర్వాత ఎంతసేపు ఆగినా వచ్చేది ఒకే జవాబు. పిల్లల బుర్రలో ఏముందో తెలియాలంటే ప్రశ్న మారాలి. ఏ ప్రశ్న అడగాలో తెలియాలంటే ముందు వాళ్ల బుర్రలో ఏముందో కొంతైనా తెలియాలి. అక్కడ చీటీల దగ్గరికి వచ్చాం.

చీటీలు

క్లాసు చివరి ఐదు నిమిషాల్లో పిల్లలకు అర కాగితం. రెండు ప్రశ్నలు. మార్కులు లేవు. వారంలో రెండుసార్లే, రోజూ పెడితే ఇదీ డైరీ అయిపోతుంది. ఖాళీ పీరియడ్‌లో ఆవిడా నేనూ కూర్చుని చీటీలను గుట్టలుగా పేరుస్తాం. తప్పొప్పులను బట్టి కాదు, ఒకేలా ఆలోచించిన పిల్లలను ఒక గుట్టలో పెట్టాలి. మాట్లాడేటప్పుడు ఒక వరస పెట్టుకున్నాం: ముందు కాగితం మీద ఏం కనిపిస్తోంది, తర్వాత ఈ పిల్లకి ఇది ఎందుకు సరైందనిపించింది, ఆఖరికి రేపు మొదటి పది నిమిషాలు ఏం చేద్దాం. మీకేమనిపించింది అన్న ప్రశ్నను కావాలనే వదిలేశాను. టీచరు మనసు గురించి అడిగితే టీచరు తనను కాపాడుకునే పనిలో పడుతుంది. పిల్లవాడి కాగితం ముందుంటే చూపు అటు పోతుంది.

మొదటి చీటీ: 0.8, 0.75లలో ఏది పెద్దది, ఎందుకు? రెండో ప్రశ్న: 7.5కీ 8కీ మధ్య ఉండే ఒక సంఖ్య రాయండి.

ఒక గుట్ట 0.75 అన్నవాళ్లది, 75 కన్నా 8 చిన్నది కాబట్టి. ఇది ఆవిడ ఊహించిందే. ఇంకో గుట్ట 0.80 అని సున్నా చేర్చి, 80 పెద్దదన్నవాళ్లది. ఇది ఆవిడ నేర్పిన పద్ధతే. మూడో రకం చీటీలు కొన్నే ఉన్నాయి: "0.8, ఎందుకంటే పదో వంతు వందో వంతు కన్నా పెద్దది." ఆవిడ ముఖం విచ్చుకుంది. వీటిని సరైన జవాబుల పైన పెట్టారు.

ఇక్కడ నేనొక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కేయ్ స్టేసీ, వికీ స్టెయిన్లే ఏళ్ల తరబడి దశాంశాల మీద చేసిన పని వల్ల, ఆ చక్కటి వాక్యం వెనక ఏముండొచ్చో నాకు తెలుసు. పొడవైన దశాంశమే పెద్దదనుకునే పిల్లలున్నట్టే, పొట్టిదే పెద్దదనుకునే పిల్లలూ ఉంటారు. వందో వంతులు చిన్న ముక్కలు కాబట్టి వందో వంతుల్లో ఉన్న ఏ సంఖ్యైనా చిన్నదే అన్నది వాళ్ల లెక్క. 0.8, 0.75 ఇస్తే వాళ్లకి సరైన జవాబే వస్తుంది. ఇదంతా అక్కడికక్కడ చెప్పేస్తే, మళ్లీ నేను చెప్పడం, ఆవిడ రాసుకోవడం. చెప్పకపోతే ఆ పిల్లలు దాటిపోతారు. మధ్యస్థంగా ఒక్క చీటీ తీసి అడిగాను: "ఈ అమ్మాయికి 0.3, 0.45 ఇస్తే ఏం రాస్తుంది?"

ఆవిడ చీటీని చేతిలోకి తీసుకుని, పెన్నుతో బల్ల మీద ఏదో గీసుకున్నారు. కాసేపటికి, "అయ్యో. 0.3 అంటాది మేడం ఈ పిల్ల" అన్నారు. వెంటనే సరైన గుట్టలోంచి ఆ చీటీలన్నీ లాగేసి పక్కన పెట్టారు. మర్నాడు ఆవిడ ఇచ్చిన చీటీలో 0.3, 0.45 ఉన్నాయి. పక్కన పెట్టినవాళ్లలో ఎక్కువమంది 0.3 అనే రాశారు. కోచ్ చెప్పిందని కాకుండా తన అనుమానాన్ని తనే పరీక్షించుకోవడానికి ఆవిడ ప్రశ్న తయారుచేయడం అదే మొదలు.

రెండో ప్రశ్నలో ఒక కుర్రాడు "ఏమీ లేవు" అని రాశాడు. నిర్లక్ష్యం అనుకుని ఆవిడ ఆ చీటీ పక్కకు తోశారు. అడిగి చూడండి అన్నాను. వాడు నిమ్మళంగా చెప్పాడట: ఏడు పాయింట్ ఐదు తర్వాత ఇంకో బాల్ వేస్తే ఎనిమిదో ఓవర్ పూర్తయిపోతుంది కదా మ్యామ్, ఇంక మధ్యలో ఏముంటుంది? క్రికెట్ స్కోరులో 7.5 అంటే ఏడు ఓవర్లు, ఐదు బంతులు. బిందువు తర్వాత ఐదు దాటదు. వాడు రోజూ సాయంత్రం చూసే దశాంశం అదొక్కటే. క్లాసులో ఇంకెవరు ఇలా అనుకుంటున్నారని ఆవిడ అడిగితే చేతులు బాగానే లేచాయి. స్టాఫ్‌రూంలో ఇది విని కన్నడ టీచరు పడిపడి నవ్వి, తర్వాత నెమ్మదిగా తనకూ ఎప్పుడూ తట్టలేదన్నారు.

సున్నాలు చేర్చే పద్ధతి మీద మా ఇద్దరికీ గట్టి వాదనే అయింది. "జవాబు సరిగ్గా వస్తోంది కదా, ఇంక దాన్నెందుకు కెలకడం?" అన్నది ఆవిడ మాట. సున్నా చేర్చాక పిల్లలు 80, 75 అనే పూర్ణ సంఖ్యల్నే పోల్చుతున్నారు, దశాంశం ఊసే లేదు అన్నది నా మాట. వాదనతో తేలదని చీటీ మీదే వదిలేశాం: సున్నా నుంచి ఒకటి దాకా పది భాగాలు చేసిన సంఖ్యారేఖ ఇచ్చి, 0.8, 0.75లను గుర్తించమన్నాం. పోల్చడంలో నెగ్గినవాళ్లలో చాలామంది 0.8ని సరిగ్గా పెట్టి, 0.75ని ఒకటి అవతలికి తోసేశారు. ఆవిడ చీటీలు ఒక్కొక్కటే తిప్పుతూ పోయారు, ఏమీ అనలేదు. కాంపిటెన్సీ ప్రశ్నల్లో పిల్లలు పడిపోవడానికి కారణం నాకు అక్కడ కనిపించింది. కోఆర్డినేటర్‌కు అది పేపర్లో కనిపించే అవకాశం లేదు.

సరిదిద్దే దారి మాత్రం పూర్తిగా ఆవిడదే. వంద గళ్ల చదరంలో ఎనిమిది నిలువు వరసలు, పక్కనే డెబ్బై ఐదు గళ్లు రంగు వేయించారు. అది నాకూ తెలిసిందే. తర్వాత నాకు తట్టనిది చేశారు: పేరు, షాపు కనపడకుండా మడిచి తన బంగారం బిల్లు తెచ్చారు. 7.5 గ్రాముల గొలుసు, 7.485 గ్రాముల గొలుసు, ఏది బరువు? 485 అన్నవాళ్లున్నారు. వెనక బెంచీ అమ్మాయొకతె లేచి, బిల్లులో 7.5 అని రాయరు, 7.500 అని రాస్తారంది, అమ్మతో వెళ్లినప్పుడు చూసిందట. చివరి అంకె మిల్లీగ్రాములని అక్కడి నుంచి వచ్చింది. సున్నాలు ఎందుకు చేర్చవచ్చో అప్పుడు ఒక అర్థం దొరికింది. ఆ పద్ధతిని ఆవిడ వదులుకోలేదు, నేనూ వదలమనలేదు. అది ఎప్పుడు రావాలన్న వరస మారింది, అంతే.

ప్రిన్సిపాల్‌తో ఒప్పందం

చీటీలు పనిచేస్తున్నాయని తెలియగానే ప్రిన్సిపాల్ వాటిని ఫైల్లో పెట్టమన్నారు. వద్దంటే "మరి నాకేం తెలుస్తుంది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. స్కూలు నాకు జీతమిస్తోంది, ఏదో ఒకటి కనిపించాలి. కానీ గుట్టలు అప్రైజల్‌కి వెళ్లిన రోజు పిల్లలకు ముందే జవాబులు చెప్పి రాయిస్తారు. డైరీ విషయంలో జరిగింది అదే. చివరికి ఇలా కుదిరింది: ఎవరితో ఎన్ని గంటలు కూర్చున్నానో, ఏ పాఠం మీదో చెబుతాను. పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో తరగతి మొత్తానికి కలిపి, టీచరు పేరు లేకుండా ఇస్తాను. ఒక్కో టీచరు గురించి నా అభిప్రాయం అడగకూడదు. చీటీలతో కూర్చున్న సమయం 50 గంటల్లో స్కూలు వాటా కింద లెక్కకొస్తుంది. శనివారం డైరీ బదులు రెండు వాక్యాలు, ఏ భాషలోనైనా సరే.

ఈ మాట రాతలో పెట్టించాను. ప్రిన్సిపాళ్లు మారుతుంటారు. ఇప్పుడు ఏ స్కూలు పిలిచినా, నా నోట్సు ఎవరి బల్ల మీదికి వెళుతుందని మొదటి మీటింగ్‌లోనే అడుగుతాను. జవాబు నాన్చితే పని ఒప్పుకోను.

ఏం నిలిచింది, ఏం నిలవలేదు

తర్వాతి పాఠం సమీకరణాలు. నేను వెళ్లేసరికి ఆవిడ చీటీలు అప్పటికే గుట్టలు కట్టి ఉన్నాయి. అడిగిన ప్రశ్న: 8 + 4 = ఖాళీ + 5. చాలామంది 12 అని రాశారు, సమానం గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి" అన్న ఆజ్ఞ అనుకుని. కొందరు ఉన్నవన్నీ కలిపి 17. ఈ ప్రశ్న ఎక్కడిదంటే ఏదో శిక్షణలో ఎప్పుడో విన్నదట, అప్పుడు ఎందుకో అర్థం కాలేదట.

మార్కులు పెరిగాయా అని అందరూ అడుగుతారు. ఆ టర్మ్‌లో పేపర్ తీరు కూడా మారింది కాబట్టి పెరిగిన మార్కులను చీటీల ఖాతాలో వేయను. ఆవిడ రెండో సెక్షన్‌లో చీటీలు సాగలేదు, ఆ సెక్షన్ తర్వాతి పీరియడ్ ఆవిడకు ఖాళీ లేదు. యూనిట్ టెస్టుల వారంలో అన్ని సెక్షన్లలోనూ ఆగిపోతాయి. ఎవరైనా సెలవు పెడితే సబ్‌స్టిట్యూషన్ పడి ఆ ఖాళీ పీరియడ్ పోతుంది. టీచరుకు ఆలోచించే టైము టైంటేబుల్‌లో లేనంత కాలం ఏ కోచ్ వచ్చినా చేయగలిగింది తక్కువ. ఈ మాట ప్రిన్సిపాల్‌తో అన్నాను. చీటీలు జరిగే రోజుల్లో వారానికి ఒక పీరియడ్ సబ్‌స్టిట్యూషన్ నుంచి మినహాయించారు. రెండు అడిగితే ఒకటి దొరికింది.

ఈ కేసు చూసి అన్ని సబ్జెక్టుల్లోనూ చీటీలు పెట్టమని ఉత్తర్వు వేయబోతే, ముందు ఇష్టపడినవాళ్లతోనే చేద్దామని ఆపించాను. సోషల్ టీచరు ఒకరు ముందుకొచ్చారు. "విజయనగర సామ్రాజ్యం ఎందుకు పడిపోయింది?" అన్న చీటీని లెక్కల చీటీలా పేర్చడం కుదరదు. కారణం రాయడానికి ప్రయత్నించినవాళ్లు ఒక గుట్ట, 1565లో తళ్లికోట యుద్ధం జరిగిందని సంఘటన రాసి ఊరుకున్నవాళ్లు ఒక గుట్ట, పాఠంలోని వాక్యాన్ని దించేసినవాళ్లు ఒక గుట్ట చేసి చూస్తున్నాం. ప్రస్తుతానికి మూడో గుట్టే పెద్దది. పాఠంలో ఏ వాక్యం కింద గీత గీయించారో అదే వాక్యం అన్నిట్లోనూ ఉందని మొదట పట్టుకున్నది ఆ టీచరే.